పదమూడో ఆకు

పోయినేడాది వినాయక చవితికి ముందురోజు సాయంత్రం మా కాలనీ మలుపులో 50 రూపాయలు పెట్టి పత్రి కట్ట కొన్నాను. "మొత్తం 21 రకాలూ ఉన్నాయి మేడమ్, ఇంటికెళ్ళి లెక్కపెట్టుకోండి" అన్నాడు అమ్మే కుర్రాడు. అంత ధీమాగా చెప్పాక లెక్కపెట్టకపోతే వాణ్ణి అవమానించినట్టే. వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి, కట్టకు చుట్టిన అరటినార తెంపి, ఒక్కో రెమ్మా విడదీసి వరసగా పేర్చాను.

మామిడి, రావి, తులసి తెలిశాయి. జిల్లేడు సరేసరి, అది ఎక్కడున్నా దాక్కునే ఆకు కాదు. నలిగిపోయిన మారేడు రెమ్మ ఒకటి, దానిమ్మ, గన్నేరు, మరువం, వాడిపోయి తల వేలాడేసిన ఉమ్మెత్త. అక్కడికి తొమ్మిది. ఆ తరవాత కానుగ, తంగేడు, జామ, ఎవరి పూలకుండీలోంచో వచ్చిన రెండు రంగుల క్రోటన్లు. జమ్మి లాగా కనిపించిన రెమ్మను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మొదలు నుంచి చివరకు నిమిరాను. నున్నగా జారిపోయింది. జమ్మికి కణుపుకీ కణుపుకీ నడుమ కాడ పొడుగునా చిన్న చిన్న ముళ్ళుంటాయి, గులాబీ కాడ మీద ఉన్నట్టు. దీనికి ముల్లనేదే లేదు. సుబాబుల్. మేకలకు వేసే మేత.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. కొనేవాళ్ళెవరూ కట్ట విప్పి చూడరని వాడికి తెలుసు. పూజలో పేరు చదవగానే చేతికి అందిన ఆకు వేసేయడమే కదా అందరూ చేసేది. పోయినేడాది వరకు నేనూ అంతే. ఆ సాయంత్రం ఎందుకో అమ్మమ్మ గుర్తొచ్చింది.

అమ్మమ్మది తెనాలి దగ్గర కాలువ గట్టునున్న ఊరు. తాతయ్య బడిపంతులు. చవితి నాడు పూజ ఆయనే చదివేవారు, పీట మీద బాసింపట్టు వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని. పక్కన పత్రి పళ్ళెంతో అమ్మమ్మ. ఆవిడకు చదువు రాదు. తాతయ్యకు ఆకులు రావు. ఇది వేళాకోళం కాదు, ఆయనే ఒప్పుకునేవారు. పుస్తకంలో సంస్కృతం పేరు ఆయన నోట్లోంచి వచ్చేలోపు అమ్మమ్మ చెయ్యి పళ్ళెంలోని తెలుగు ఆకు మీదికి వెళ్ళేది. ఆయన అపామార్గం అంటే ఈవిడ ఉత్తరేణి. ఆయన సింధువారం అంటే ఈవిడ వావిలి. దత్తూరం అంటే ఉమ్మెత్త, బృహతి అంటే ములక, అర్కం అంటే జిల్లేడు. తడుముకోవడం లేదు, తలెత్తి చూడడం లేదు. 21 పేర్లూ ఆవిడ చెవిలోంచి నేరుగా వేళ్ళలోకి దిగేవి.

ఆ ఆకులు కోసుకొచ్చే పని పిల్లలది. భాద్రపద మాసం, కాలువ గట్టంతా బురద. నాకూ తమ్ముడికీ చెరో తాటాకు బుట్ట ఇచ్చి పంపేది. బయల్దేరేముందు గుర్తులు చెప్పేది, కానీ కంటితో చూసే గుర్తులు తక్కువ. "వావిలాకు నలిపి చూడండి, మీ ముక్కే చెబుతుంది. ములకాకు పట్టుకోండి, మీ వేలు చెబుతుంది. ఉత్తరేణి మీరు వెతకక్కర్లేదు, అదే మిమ్మల్ని పట్టుకుంటుంది." అక్షరాలా అంతే. ఉత్తరేణి వెన్ను నిటారుగా పైకి లేస్తుంది, గింజలు మాత్రం మొనలు కిందికి పెట్టుకుని కాడకు అంటుకుని ఉంటాయి. లంగా అంచు రాసుకుంటే చాలు, వరస మొత్తం ఊడి వచ్చేస్తుంది. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని ఒక్కో గింజా పీక్కోవడం చవితి ముందు మాకొక అదనపు వ్రతం. ములకాకు సంగతి ఇంకా ఘోరం. చాలా మొక్కలకు కాడకే ముళ్ళుంటాయి, దానికి ఆకు ఈనెల మీద కూడా ఉంటాయి. దేవుడికి వేసే ఆకు ఇంత పొగరుగా ఉండాలా అని తమ్ముడు ఏడ్చినంత పని చేసేవాడు.

విష్ణుక్రాంత కోసం వంగాలి. నేలకు కరుచుకుని పాకే మొక్క అది, గోరంత నీలి పువ్వు. నిలబడి వెతికితే వందేళ్ళయినా కనపడదు. మద్ది చెట్టు కాలువ మలుపులో ఉండేది, ఆకు అందేది కాదు, మామయ్య దోటీతో లాగి ఇచ్చేవాడు. చెట్టును ముందు అడగాలి, తరవాత కొయ్యాలి. వేరుతో పీకకూడదు. తులసిని గోటితో గిల్లకూడదు. పొద్దుగూకాక ఏ చెట్టు మీదా చెయ్యి వెయ్యకూడదు, అవి నిద్రపోతాయి. ఈ నియమాలు ఏ పుస్తకంలో ఉన్నాయో నాకు తెలియదు, అమ్మమ్మ దగ్గర మాత్రం ఖాయంగా ఉండేవి.

ఇన్ని చేసినా బుట్టలో 20 ఆకులే ఉండేవి. పదమూడో పేరు దేవదారు. ఆ పేరు రాగానే అమ్మమ్మ చెయ్యి పత్రి పళ్ళెం దాటి అక్షతల గిన్నెలోకి పోయేది. పూజలో ఏ వస్తువు లేకపోయినా దాని బదులు నాలుగు అక్షతలు వేయడం మనవాళ్ళు ఏనాడో పెట్టుకున్న వెసులుబాటు. "దేవదారు మనూళ్ళో లేదా అమ్మమ్మా?" అని ఒకసారి అడిగాను. "అది హిమాలయాల్లో ఉంటుందే. పార్వతమ్మ పుట్టింటి చెట్టు. వాళ్ళమ్మ పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆయనే తెచ్చుకుంటాడులే, మనం అక్షతలు వేద్దాం" అంది.

పట్నంలో కొందరు దేవదారు అని చెప్పి నరమామిడి ఆకు వేస్తారు, స్కూళ్ళ గోడల వెంబడి సన్నగా పొడుగ్గా పెరిగే అశోక చెట్టు అదే. అమ్మమ్మ దానికి ఒప్పుకునేది కాదు. దొంగ ఆకు కంటే నిజం అక్షత నయం అనేది.

ఇప్పుడు ఆ జాబితా ముందేసుకుని చూస్తే నాకు ఆకుల గుణాల కంటే వాటి పుట్టుపూర్వోత్తరాల మీదే ధ్యాస పోతుంది. మామిడి, దానిమ్మ, తులసి, జాజి, మరువం, మాచిపత్రి లాంటివి మనం నాటుకునేవి. మిగతావాటిలో ఎక్కువ భాగం ఎవరూ నాటనివి. ఎవరూ నీళ్ళు పొయ్యనివి. ఇంకా చెప్పాలంటే ఎవరూ రానివ్వనివి. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను పోతుందని పిల్లల్ని దగ్గరికి వెళ్ళనివ్వరు. ఉమ్మెత్త విషం. గన్నేరు విషం. రేగుకు ముళ్ళు. ఇక గరిక సంగతి రైతును అడగండి. మా మామయ్య ఏడాది పొడుగునా గరికతో యుద్ధమే చేసేవాడు. దున్నితే ముక్కలవుతుంది, ముక్కకో మొక్క లేస్తుంది. ఎండబెడితే చచ్చినట్టు నటిస్తుంది, ఒక్క వాన పడితే మళ్ళీ పచ్చగా పలకరిస్తుంది. అలాంటి మామయ్య చవితి పొద్దున చేనుగట్టు మీద గొంతుక్కూర్చుని లేత గరిక, అదీ రెండేసి పోచలు జతగా ఉన్నది, ఏరి ఏరి కోసేవాడు. పూజలో దాని పేరే జంట గరిక కదా, ఒంటి పోచ పనికిరాదు. 364 రోజులు తిట్టిన నోటితోనే ఆ ఒక్కరోజు "ఇటు చూడు, ఎంత లేతగా ఉందో" అనేవాడు.

అనలాసురుణ్ణి మింగిన వినాయకుడికి ఒళ్ళంతా మంటలు పుడితే గరికతో చల్లారిందని కథ. కథ బాగానే ఉంది. నాకు అంతకంటే బాగున్నది ఆ దేవుడి కోరిక. తోటలో పెంచింది కాదు, గట్టు మీద బతికింది తెమ్మన్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనకు సామెత. ఈయన పెరడు దాటి, దడి దాటి, ఎవరిదీ కాని జాగాలోకి పంపాడు. తులసితో వినాయకుణ్ణి పూజించకూడదని నియమం ఉన్నా ఈ ఒక్కరోజు దాన్నీ రానిచ్చాడు. తులసికీ ఆయనకూ పాత తగాదా, పెళ్ళి చేసుకోమని ఆవిడ అడగడం, కాదనడం, ఒకరినొకరు శపించుకోవడం అందరికీ తెలిసిన కథే. పండగ పూట తగాదాలుండవు కాబోలు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. చవితి వస్తోందంటే నా ఫోను నిండా శాస్త్రీయ కారణాలు వచ్చి పడతాయి. ఈ 21 ఆకులూ చెరువులో కలిస్తే నీళ్ళు శుద్ధి అవుతాయట. నిలవ నీటిలో బండ్లకొద్దీ ఆకు కుళ్ళితే అందులోని ప్రాణవాయువు తగ్గుతుంది గానీ పెరగదు, చేపల చెరువున్న వాళ్ళెవరిని అడిగినా చెబుతారు. ఆ ఆకుల్లో మందు గుణాలున్నవి ఉన్నాయి, నేను కాదనను. వావిలాకు కాచిన నీళ్ళు బాలింతలకు పోయడం నేను కళ్ళారా చూశాను. కానీ మందు కోసమే అయితే విగ్రహం మీద ఎందుకు వెయ్యడం, కషాయం కాచుకుని తాగొచ్చు కదా? ప్రతి ఆచారానికీ తెల్లకోటు తొడిగితే తప్ప గౌరవం దక్కదన్నట్టు తాపత్రయపడడం నాకు చిన్నతనంగా ఉంటుంది. దేవుడు అడిగాడు, పిల్లలం వెళ్ళి తెచ్చాం. ఆ వెళ్ళడంలోనే నాకు 20 మొక్కల పేర్లొచ్చాయి. నాకు అది చాలు.

ఆ పరిచయం చవితితో ఆగేది కూడా కాదు. చవితి నాడు పేరు తెలుసుకున్న ఆకు ఏడాదిలో ఇంకెక్కడో మళ్ళీ ఎదురయ్యేది. మర్నాడే ఋషి పంచమి, ఆ వ్రతం పట్టేవాళ్ళు ఉత్తరేణి పుల్లతో పళ్ళు తోముకునేవారు. భోగి నాటికి రేగు పండేది, పిల్లల తలల మీద భోగిపళ్ళయ్యేది. రథసప్తమికి జిల్లేడు మళ్ళీ వచ్చేది, ఏడాకులు, వాటిలో రేగుపండు, తల మీదా భుజాల మీదా పెట్టుకుని స్నానం. ఆనక తులసికోట ముందు పిడకల మంట మీద పాలు పొంగించి పరమాన్నం వండి చిక్కుడాకుల్లో పెట్టేవారు. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేసే పని తమ్ముడిది, ఒక్క ఏడాదీ దాని చక్రాలు నిలబడ్డ పాపాన పోలేదు. కార్తీకంలో తులసికోటలో ఉసిరి కొమ్మ నాటి ఇద్దరికీ పెళ్ళి. దసరాకు జమ్మి.

దసరా జమ్మి విషయంలో తెలంగాణకు వచ్చాకే నాకు అసలు సంబరం తెలిసింది. మా వైపు జమ్మి చెట్టుకు దణ్ణం పెట్టి, చీటీ కట్టి వచ్చేస్తాం. ఇక్కడ ఆకు తెచ్చి బంగారం అంటూ చేతిలో పెట్టి, పెద్దవాళ్ళ కాళ్ళకు దణ్ణం పెట్టి, ఈడువాళ్ళను కావలించుకుంటారు. పాండవుల ఆయుధాలు దాచిన చెట్టు ఆకు సాటి మనిషిని గుండెకు హత్తుకోవడానికి సాకు కావడం నాకు భలే నచ్చింది. మహారాష్ట్రలో ఇదే బంగారాన్ని ఆరె చెట్టు ఆకుతో పంచుకుంటారు. తెలంగాణ 2014లో జమ్మిని రాష్ట్ర వృక్షం చేసుకుంది, తంగేడును రాష్ట్ర పుష్పం. ఆంధ్రప్రదేశ్ 2018లో వేపనూ మల్లెనూ ఎంచుకుంది. రెండు ప్రభుత్వాలూ పండగ బుట్టలోంచే ఏరుకున్నాయన్నమాట. అంత గౌరవం దక్కాక కూడా పట్నంలో జమ్మి పేరిట సర్కారు తుమ్మ రెమ్మలు చేతులు మారడం చూశాను. రెండూ దగ్గరి చుట్టాలే, కాకపోతే సర్కారు తుమ్మ అమెరికా నుంచి దిగింది. దాని ముళ్ళు పొడుగు, ఆకు పుట్టే కణుపు దగ్గరే ఉంటాయి. ఆ బంగారాన్ని జేబులో పెట్టుకున్న వాళ్ళకు తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

మా ఎదురింటి వదిన వరంగల్ పక్క పల్లెటూరామె. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆవిడ మనిషి కాదు. తాంబాలంలో గుమ్మడాకు పరిచి, తంగేడు వరస, గునుగు వరస, బంతి వరస, మధ్య మధ్య కట్లపూలు, పేరుస్తూ పేరుస్తూ గోపురంలా లేపి శిఖరాన పసుపు గౌరమ్మను పెడుతుంది. గునుగు కంకుల మొదళ్ళు సమానంగా కత్తిరించి, కట్టలు కట్టి, చివర్లను రంగుల్లో ముంచుతుంది. చూడబోతే ఈ గునుగుదీ గరిక జాతకమే. చేలో కలుపు. ఏ రైతూ విత్తనం వెయ్యడు, ప్రతి రైతూ పీకి పారేస్తాడు. తంగేడూ అంతే, బీడులో తనంతట తాను పూసేది. రోజా, లిల్లీ ఎంత ఖరీదైనవైనా వాటితో బతుకమ్మ కుదరదు, తంగేడు లేనిదే అది బతుకమ్మే కాదంటుంది వదిన.

"మీ ఊళ్ళో గునుగు బాగా దొరుకుతుందా వదినా?" అని అడిగితే పెద్దగా నిట్టూర్చింది. "యాడికెల్లి దొరుకుతది? పత్తి చేన్లల్ల గడ్డిమందు కొడ్తున్నరు గదా. మా చిన్నప్పుడు ఒడి నిండ తెంపుకొస్తుంటిమి. ఇప్పుడు మా తమ్ముడు బండి మీద మూడూర్లు తిరిగి తెస్తడు." ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కలుపు పీకొద్దని రైతుకు చెప్పే హక్కు పూజ చేసుకునే మనకు లేదు. కానీ వెనక కూలివాళ్ళు పీకేటప్పుడు గట్ల మీద నాలుగు మొక్కలు మిగిలేవి. మందుకు గట్టూ చేనూ తేడా తెలియదు.

అంతా పాతదే పవిత్రం, కొత్తదంతా అపచారం అనుకునేదాన్ని కాదు నేను. అలా అనుకుంటే ముందు పాలవెల్లి విప్పదీయాలి. వినాయకుడి తల మీద చెక్క చట్రానికి కట్టే కాయల్లో వెలగకాయ, మారేడుకాయ మనవి. మొక్కజొన్న పొత్తు, జామకాయ, సీతాఫలం మూడూ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవే, అదీ గడిచిన 500 ఏళ్ళలో. సీతమ్మ పేరు పెట్టుకున్నాక ఆ పండును పరాయిదని ఎవరు అనగలరు? గుమ్మానికి కట్టే బంతిపూల దండా అంతే. బంతి సొంతూరు మెక్సికో. అక్కడ చనిపోయినవాళ్ళను తలుచుకునే పండగకు సమాధుల మీద పరుస్తారు, ఇక్కడ మనం శుభమని గడపకు కట్టుకుంటాం. ఎక్కడినుంచో వచ్చిన పూవుకు మనవాళ్ళు పేరు పెట్టి, ఒక పని అప్పగించి, ఇంట్లో కలిపేసుకున్నారు. అదే సమయంలో ఇక్కడే పుట్టిన మొగలిపువ్వును, ఎప్పుడో ఒక దొంగ సాక్ష్యం చెప్పిందని, ఇప్పటికీ శివుడి గడప తొక్కనివ్వరు. పుట్టుకను బట్టి కాదు, నడతను బట్టి అనుకోవాలి.

ఈ ఏడాది కట్ట కొనదలచుకోలేదు. చవితి ముందురోజు పొద్దున్నే రైతుబజారు బయట తిరిగాను. ప్లాస్టిక్ పట్టా మీద ఆకులన్నీ కలిపి గుట్ట పోసినవాళ్ళే అందరూ. ఒక్క పెద్దావిడ మాత్రం ఏ ఆకుకు ఆ ఆకు విడివిడిగా చిన్న చిన్న కుప్పలు పెట్టుకుని, మీద తడిగుడ్డ కప్పి కూర్చుంది. నడివేలికి గుడ్డపేలిక కట్టు. చేవెళ్ళ దిక్కు నుంచి మొదటి బస్సుకు వచ్చిందట.

"21 రకాలున్నాయా అమ్మా?"

"ఇర్వై ఒక్కటి యాడ దొర్కుతయి బిడ్డా? పద్నాలుగున్నయి. ఇంకోడు ఇర్వై ఒక్కటి అంటే నమ్మకు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కో కుప్పా చూపించి పేరు అడిగాను. తడుముకోలేదు. ఆవిడకు పూజ పేర్లు తెలియవు, ఆకు చేసే పని తెలుసు. "ఇది వాయిలాకు, బాలింతలకు తానం పోస్తరు. ఇది ఉత్తరేణి, మా అవ్వ పండ్లు తోముకుంటుండె. ఇది మద్ది, వాగొడ్డు కాడ ఉంటది." ములకాకు లేదేమని అడిగితే వేలి కట్టు చూపించింది. "నిరుడు తెచ్చిన. ముల్లు గుచ్చుకుంటదని ఎవ్వరు కొనలే. ఈసారి కూడ చెయ్యి పెట్టిన గని, ఎందుకులే అని ఇడిచిపెట్టిన." జమ్మి? "దసరాకు తెస్త. ఇప్పుడే దూస్తే అప్పటికేముంటది?" విష్ణుక్రాంత గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పింది. అది చెరువు కట్ట మీద ఉండేదట. ఆ పక్కన ఇప్పుడు వెంచరు వేశారు, కట్ట మీద రోడ్డు పోశారు.

మనం ఊరు వదిలేశాం కాబట్టి ఆ పేర్లన్నీ పోయాయని నేను ఏళ్ళ తరబడి దిగులు పడుతూ వచ్చాను. పోలేదు. ఫుట్‌పాత్ మీద కూర్చుని ఉన్నాయి. వాటి దగ్గర కూర్చునే తీరికే మనకు లేదు. 14 ఆకులకూ ఆవిడ అడిగింది 80 రూపాయలు. నేను బేరమాడలేదు. డబ్బులు బొడ్లో దోపుకుంటూ నావైపు ఎగాదిగా చూసి, "నీకెవరు చెప్పిన్రు గివన్ని?" అంది.

"మా అమ్మమ్మ."

"నాకు మా అత్త" అంది, తడిగుడ్డ మళ్ళీ సర్దుతూ.

ఆ రాత్రి పదింటికి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. వాడు కాలిఫోర్నియాలో శాక్రమెంటోలో ఉంటాడు. అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. "అక్కా, ఈసారి కూడా పత్రి లేదు. ఇక్కడ ఏముంటాయి చెప్పు, అన్నీ అక్షతలే" అన్నాడు. ఇక్కడినుంచి తీసుకెళ్ళే దారీ లేదు. నిమ్మ, నారింజ తోటలకు పురుగు పాకుతుందని ఆ జాతి ఆకులను వాళ్ళు దేశంలోకి రానివ్వరు. కరివేపాకు ఆ కుటుంబమే, మన మారేడూ ఆ కుటుంబమే.

"ఒకసారి బయటికి రారా, ఫోను పట్టుకుని" అన్నాను.

వచ్చాడు. ఇంటి ముందు గడ్డి చూపించమన్నాను. నేల కరుచుకుని, కణుపు కణుపుకూ వేళ్ళు దించుకుని పాకుతోంది. "ఏం గడ్డిరా అది?" "బెర్ముడా గ్రాస్. పక్కింటాయన దీన్ని చంపడానికి ఎన్ని మందులు కొడతాడో, చావదు." నవ్వాగలేదు నాకు. మామయ్య చేనుగట్టు శాక్రమెంటో దాకా పాకింది. "రెండేసి పోచలు కొయ్యరా, గరిక అది" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత ఇక ఆగలేదు. అపార్ట్‌మెంట్ కంచె వెంబడి పెంచినవి గన్నేరు పొదలు. అక్కడ హైవేల నడుమ కూడా మైళ్ళకొద్దీ అవేనట, రోజూ ఆఫీసుకు వెళుతూ వచ్చేటప్పుడు చూస్తూనే ఉన్నాడట. పక్కవాళ్ళ పెరట్లోంచి దానిమ్మ కొమ్మ గోడ మీదికి వంగి ఉంది, అడిగి రెమ్మ తెచ్చుకున్నాడు. ఖాళీ స్థలంలో రాళ్ళ మధ్య తెల్ల గరాటా పూలతో ఉమ్మెత్త. చేతులు కడుక్కోమని రెండుసార్లు చెప్పాను. తులసి మరదలు కుండీలో పెంచుతూనే ఉంది.

లైబ్రరీ దాకా నడిచాడు. దాని ముందు ఒక పెద్ద చెట్టు, కొమ్మల చివర్లు నేల వైపు వాలి ఉన్నాయి. "ఇది క్రిస్మస్ చెట్టు లాంటిదిలే" అని దాటిపోబోతుంటే ఆపాను. ఆకులు దగ్గరగా చూపించమన్నాను. ఆకులు కావవి, సూదులు, గుత్తులు గుత్తులుగా. నాకు తెలియదు ఆ చెట్టు. అమ్మమ్మ గుర్తులు చెప్పని చెట్టు ఏదైనా నాకు తెలియదు. వాడు ఫోనులో ఏదో యాప్ తెరిచి ఫొటో తీశాడు.

"దియోదార్ సీడర్ అట అక్కా. హిమాలయాల నుంచి తెచ్చి ఇక్కడ నీడ కోసం వేస్తారట."

"ఆ పేరు మళ్ళీ చదవరా, మెల్లిగా."

చదివాడు. చదువుతూ చదువుతూ వాడే ఆగిపోయాడు.

మర్నాడు నాకు ఉదయం ఎనిమిదిన్నర, వాడికి ముందురోజు రాత్రి ఎనిమిది. తిథి లెక్కలు పంతులుగారికి వదిలేసి ఇద్దరం ఒకేసారి పూజకు కూర్చున్నాం. పుస్తకం వాడి చేతిలో ఉంది, తాతయ్య లాగే కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని చదువుతున్నాడు. నేను ఇక్కడ ఆకు తీసి చూపిస్తే, ఉన్నదైతే వాడూ వేస్తున్నాడు, లేనిదానికి అక్షతలు. ములక దగ్గర ఇద్దరం అక్షతలే వేశాం. పన్నెండో పేరు దానిమ్మ, ఇద్దరికీ ఉంది. పదమూడో పేరు చదివి వాడు పుస్తకం పక్కన పెట్టాడు. పళ్ళెంలోంచి ఆకుపచ్చ సూదుల గుత్తి తీసి వినాయకుడి పాదాల దగ్గర పెట్టాడు. నేను అక్షతలు వేశాను.